చెక్‌పోస్టు మీద వాలిన సరుగుడు వాసం

నేను ఒక సరుగుడు వాసాన్ని. సముద్రం పక్కన తోపులో పుట్టాను. గాలి తగిలితే తోపంతా ఒకటే హోరు. ఆ హోరు ఇంకా నా లోపల ఉంది.

నన్ను కొట్టి, బెరడు తీసి, ఎరుపూ తెలుపూ పట్టీలు పూసి, రెండు రాష్ట్రాల నడుమ రోడ్డుకు అడ్డంగా పెట్టారు. ఒక కొసకు బండరాయి, ఇంకో కొసకు తాడు. తాడు వదిలితే లేస్తాను, లాగితే వాలతాను. అంతే నా ఉద్యోగం. నాకు ఇవతల ఒక పన్ను, అవతల ఇంకో పన్ను. కాకులు మాత్రం నా మీద కూర్చుని రెండు పక్కలా చూసేవి.

లారీలు బారులు తీరేవి. కాగితాలు చూసేసరికి పూటలు గడిచేవి. ఆ బారును నమ్ముకుని చెంగమ్మ నా పక్కనే టీ అంగడి పెట్టింది. అంగడి వెనక ఆమె మొగుడు ఎకరా టమాటా వేశాడు.

టీ తాగుతూ డ్రైవర్లు దేశాలన్నీ తిరిగొచ్చేవాళ్లు. దస్తగిరి గల్ఫులో బండి తోలి వచ్చినవాడు.

"ఆడ జీతం మీద పైసా పన్ను లేదు చెంగమ్మక్కా. మేడలు చూస్తే మెడ పట్టేస్తాది. మా మామ కొడుకు ఉండే మంచు దేశంలో సగం జీతం పన్నుకే. అయినా ఆస్పత్రి ఊరికే, బడి ఊరికే. అదీ బాగానే ఉండాది."

"సగమిచ్చినోళ్లూ బాగుండారు, ఏమీ ఇయ్యనోళ్లూ బాగుండారు. మరి మనమేంది రా ఈడ?" అంది చెంగమ్మ.

"మనం టీ తాగతా ఉండాము."

అందరూ నవ్వారు. నేనూ నవ్వే ఉంటాను, తాడు కాస్త ఊగింది.

ఒక ఎండాకాలం చెంగమ్మ టమాటాలు దస్తగిరి లారీ ఎక్కాయి. ఏదో కాగితంలో ముద్ర సరిగా లేదన్నారు. లారీ రెండు రోజులు నా ముందే నిలబడింది. కింద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి. వెనక ఎన్నడూ లేనంత బారు. చెంగమ్మ పాలు మూడుసార్లు తెప్పించింది. గ్లాసులు కడుగుతూ కడుగుతూ లేచి వచ్చి నా మీద తడి చెయ్యి వేసింది.

"ఒక్కసారి లెయ్యి సామీ" అంది.

నాకు లేవాలనే ఉంది. తాడు ఇంకొకరి చేతిలో ఉంది.

నేను లేచేసరికి కాయంతా కుళ్లి రోడ్డు పక్క గుంట పాలైంది.

కొన్నేళ్లకు దేశమంతటికీ ఒకటే పన్ను అన్నారు. నన్నూ ఊడదీసి అదే గుంటలో పడేశారు. అక్కడ టమాటా మొక్కలు వాటంతట అవే మొలిచి ఉన్నాయి. వాటి నీడలో చాన్నాళ్లు పడుకున్నాను. పైన లారీలు గాలిలా పోయేవి. చెంగమ్మ కాయ నలగకుండా మార్కెట్టు చేరుతోంది. అంగడిలో పాలు మాత్రం విరిగిపోతున్నాయి.

"కాయ బతికింది, అంగడి సచ్చింది" అని మొగుడితో అంది. అన్నదే గాని పొయ్యి తియ్యలేదు. నన్ను గుంటలోంచి ఈడ్చుకొచ్చి అంగడి పందిరికి గుంజగా నిలబెట్టింది. తోపు విడిచాక నిలబడటం మళ్లీ ఇప్పుడే. చిక్కుడు తీగ నన్ను పట్టుకుని పైకి పాకింది.

ఒక పొద్దున దస్తగిరి లారీ ఖాళీగా తిరిగొస్తూ నెమ్మదించింది. పాత అలవాటు కొద్దీ తాడు కోసం తడుముకున్నాను. లేదు.

లారీ ఆగింది.

"నిన్నెవురాపినారు రా?" అంది చెంగమ్మ.

"ఎవురూ ఆపలేదక్కా. టీ పెట్టు."

ఎవరూ ఆపకుండా లారీ ఆగడం నేను చూడటం అదే మొదలు.