స్టార్ట్ కాకపోతే ఫోన్ చేయండి

మా మామగారి నాటి పచ్చ కారును షెడ్డులోంచి ఎవరో ఎత్తుకుపోయారు. నేను పోయినా మా ఆయన అంతలా ఏడ్చేవారు కాదు. పోలీసులు ఊళ్లకి ఊళ్లు గాలించారు.

మూడోనాడు పొద్దున మా ఆయన ఫోన్ మోగింది. ఎత్తి స్పీకర్లో పెట్టారు.

"సార్, ఈ పచ్చ కారు ఎలా స్టార్ట్ చేయాలండీ?" అన్నాడు ఎవడో.

నాకు ఒళ్లు మండిపోయింది. తాళం కారులోనే వదిలేసేదీ, మా అల్లుడి కోసమని 'స్టార్ట్ కాకపోతే ఫోన్ చేయండి' అంటూ నంబరు రాసి అద్దానికి అంటించిందీ ఈ మహానుభావుడే. దొంగ వెధవ బండిని తోసుకుపోయి, మూడు రోజులు తంటాలు పడి, చివరికి ఆ చీటీ చూశాడన్నమాట.

ఈయన తిడతారనుకుంటే పాఠం మొదలుపెట్టారు. "చోక్ సగం లాగు నాయనా. యాక్సిలరేటర్ మూడుసార్లు తొక్కు. ఇప్పుడు తాళం తిప్పు."

అవతల ఇంజను గుర్రుమంది. "థాంక్స్ సార్!" అని వాడు పెట్టేశాడు.

"మీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను.

"తోసుకుంటూ ఎంత దూరం పోతాడే? ఇక్కడే ఎక్కడో ఉంటాడు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే హారన్ మోగుతుందని మాత్రం నేను చెప్పలేదుగా! ఆ కిటికీ తెరువు."

ఆ హారన్ మొదలైతే ఆపడం ఈయనొక్కరికే తెలుసు. కిటికీ తెరిచాను. రెండు వీధుల అవతల మా పచ్చ కారు గొంతు చించుకుంటోంది.

అంతలో మళ్లీ ఫోన్. ఈసారి నేనే ఎత్తాను.

"అక్కడే ఉండు బాబూ," అన్నాను, "వచ్చి ఆపుతాం."