తెర కొలత

కండెకు నూలు చుడుతున్న భువనేశ్వరిని కూతురు ఫోనులో అడిగింది చిన్న ప్రశ్నే. "ఆరించీలదా, ఏడుదా, పదిదా మా? తెర ఎంత కావాలో సెప్పు, ఈ పొద్దే బుక్ చేస్తా."

ఏర్పేడులో ఉద్యోగానికి చేరిన పూజిత మొదటి జీతంతో అమ్మకు ఈ-బుక్ రీడర్ కొనాలనుకుంది. పుస్తకాలు చదవడానికే చేసిన పలక అది. ఫోనులా కళ్లలో పొడవదట. "సిన్నదైతే సేతిలో ఇముడుతాది గానీ, అక్షరాలు పెంచితే పేజీకి నాలుగు లైన్లే పడతాయి. పెద్దదైతే పేజీ అంతా కనపడతాది, కాకపోతే బరువు."

"సాయంత్రం సెప్తాలే" అని తల్లి ఫోను పెట్టేసింది. ఎనిమిదో తరగతి దాటని భువనేశ్వరి బుర్రలో తిరుగుతున్న కొలత వేరు. ఎక్కడ దాచాలి? రవికెలో ఆరించీలది కూడా పట్టదు. కండెల బుట్ట అడుగున పెడితే బ్యాటరీ పేలి నూలు, మరమగ్గాలు, ఇల్లు అన్నీ తగలబడిపోతే? అన్నిటికన్నా ముందు, మొగుడు మురుగేష్ కంటపడితే? కిందటేడు లైబ్రరీ పుస్తకం దొరికిన రోజున అతను అరవలేదు, కొట్టలేదు. నవ్వుతూనే తీసుకెళ్లి నీళ్ల పొయ్యిలో పెట్టాడు. "నీ కతలోళ్లు వొచ్చి కండెలు సుడతారా మే?" అన్నాడు. ఆ మంట మీద కాగిన నీళ్లే అతని స్నానానికి ఆమె తోడింది.

కరెంటు పోయింది. మగ్గాల మోత ఆగి నగరి వీధంతా ఒక్కసారిగా మూగబోయింది. అందులోంచి మళ్లీ ఆ చప్పుడు. అత్త పెంచలమ్మ పోయిన ఈ రెండేళ్లుగా, మగ్గాలు ఆగినప్పుడల్లా వంటింటి గోడలోంచి వస్తోంది. గరగర. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ గరగర. ఎలుకలంటాడు మురుగేష్. ఎలుక అంత నిదానంగా, ఆగి ఆగి కదులుతుందా?

దాచే చోటు వెతుకుతూ బియ్యం డ్రమ్ము జరిపింది. వెనక ఒక ఇటుక వదులుగా ఉంది. లోపల పాముంటుందేమో అనుకుంటూనే లాగింది. జానెడు గూడు. గూట్లో పుస్తకం.

పాత నవల. గూట్లో పట్టడానికని అంచులన్నీ కత్తెరతో కోసేసి ఉన్నాయి. అంచులతో పాటు ప్రతి వరుసలో చివరి మాటలూ పోయాయి. పేజీల మీద పసుపు వేళ్ల గుర్తులు. "పుస్తకం కింద పెట్టు, పొయ్యి మీద పప్పు మాడతా ఉండాది" అని ముప్పొద్దులా సాధించిన అత్త! బతికినన్నాళ్లూ సగం సగం మాటలే చదువుకుందా?

పేజీల మధ్య గుర్తుగా ఒక పోగు. నెమలికంఠం రంగుది. ఆ రంగు నూలు వాళ్లింటికి వచ్చి వారం కూడా కాలేదు.

భువనేశ్వరి ఇంతకాలం ఊహించుకున్న కీడులన్నీ దీని ముందు చిన్నవైపోయాయి. చచ్చిపోయాక కూడా అత్త గోడలో దాక్కునే పేజీలు తిప్పుకోవాలా?

కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి.

"కండెలు యాడ మే?" అంటూ మురుగేష్ గడపలోకి వచ్చాడు. ఊడిన ఇటుకనూ, ఆమె చేతిలోదాన్నీ చూశాడు. "ఎవురిదది?"

"మీ యమ్మది."

అతను నోరు తెరిచేలోపే ఆమె ఫోను కలిపింది. మోతకు మించిన గొంతుతో చెప్పింది.

"పూజితా, పదించీలదే తీసుకో. ఈ ఇంట్లో దాసిపెడదామన్నా యాడా పట్టకూడదు అది."