పద్నాలుగు సెకన్లు

ముప్పై రెండేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ ఆమె చిట్టే. చిట్టి, ఆమె బావ కలిసి రెండేళ్లు కష్టపడి ఒక యాప్ తయారుచేశారు. డాక్టరు, రోగి మాట్లాడుకున్నదంతా రికార్డు చేసి అక్షరాల్లో పెడుతుందది. డాక్టరు ఫోన్‌లో మొదలుపెట్టి మధ్యలో బల్ల మీది కంప్యూటర్‌కి మారినా మాట తెగకూడదు. లోపలి ప్రోగ్రాం బావది. తెర మీద ఏది ఎలా కనిపించాలన్నది చిట్టి పని.

ఆ రోజు ఆసుపత్రిలో యాప్‌కి చివరి పరీక్ష, సాయంత్రం కొనుగోలు సంతకాలు. చిట్టి వరండాలో బెంచీ మీద లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పదిహేడు మంది రోగులు వెళ్లారు, ఒక్క పొరపాటూ లేదు. పద్దెనిమిదో మనిషి జ్వరంతో సోలిపోతున్న ముసలాయన. కోడలు ఒక చేత్తో పాత మందుల చీటీ, ఇంకో చేత్తో ఆయన రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది. డాక్టరమ్మ మధ్యలో ఫోన్ నుంచి కంప్యూటర్‌కి మారి అంతా వింది గానీ మందు రాసేలోపే అర్జంటు ఆపరేషన్‌కి పిలుపొచ్చింది. ఫోన్ జేబులో వేసుకుని పరుగెత్తింది. పక్క గది డాక్టరు వచ్చి, కంప్యూటర్‌లో ఉన్నది చదివి, బల్ల మీది పాత చీటీ చూసి, అందులోని సూది మందే రాసి పంపేశాడు.

చిట్టి అలవాటుగా టైము సరిచూసింది. ఫోన్ ఆగిన చోటుకీ కంప్యూటర్ అందుకున్న చోటుకీ మధ్య పద్నాలుగు సెకన్లు లేవు. తెర మీద మాత్రం కోడలి మాటలు చక్కగా కలిసిపోయి ఉన్నాయి: "పోయినసారీ మామయ్యగారికి ఈ సూదే వేశారు. ఇప్పుడు మూడు రోజుల్నుంచి జ్వరం." అతుకు కనిపించకూడదని పట్టుబట్టింది చిట్టే, చదివేవాళ్లకు చిరాకని.

వెంటనే బావకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఆ ముక్క డాక్టరమ్మ ఫోన్‌లో ఉండిపోయుంటుంది. నెట్ అందగానే వచ్చేస్తుందిలే."

"ఎప్పుడు బావా? ఆవిడ ఆపరేషన్‌లో ఉంది."

"గంటో, రెండు గంటలో. సాయంత్రం సంతకాలు పెట్టుకుని ఇప్పుడు గోల చేస్తావా? రెండేళ్ల కష్టం మట్టికొట్టుకుపోతుంది, చిట్టీ."

"ఆ పద్నాలుగు సెకన్లలో రోగి కోడలేం చెప్పిందో నీకు తెలుసా?"

ఫోన్ పెట్టేసి చిట్టి లాప్‌టాప్ బెంచీ మీదే వదిలేసి పరుగెత్తింది.

వరండా చివర గదిలో నర్సు సిరంజిలోకి మందు లాగుతోంది.

"సిస్టర్, ఆగండి! వెయ్యకండి!"

"మీరెవరు? డాక్టరా?"

"కాదు, ఆ యాప్ చేసినదాన్ని. అందులో ఒక ముక్క పోయింది."

"ఏం ముక్క?"

"తెలీదు."

నర్సు ఎగాదిగా చూసింది. "తెలీకుండానే ఆపమంటారేంటండీ? ఈ మందు పడుతుందా అని ఈయన్ని అడిగాను. ఊఁ అన్నాడు."

చిట్టి మంచం మీదికి వంగింది. "తాతగారూ, బయట వాన పడుతోందా?"

"ఊఁ" అన్నాడు ముసలాయన. కిటికీలోంచి ఎండ అతని కాళ్ల మీద పడుతోంది.

నర్సు సిరంజి పళ్లెంలో పెట్టేసింది. "కోడలు మందుల కిటికీ దగ్గరుంది. వెళ్లండి!"

వరుసలో నిలబడ్డ కోడలిని చిట్టి భుజం పట్టి ఇటు తిప్పింది. "అమ్మా, పోయినసారి ఆ సూది వేశాక ఏమైంది?"

"డాక్టరమ్మకి చెప్పానుగా! ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. చచ్చి బతికారు మామయ్యగారు... ఏమైందండీ? మళ్లీ అదే వేశారా?"

"వెయ్యలేదమ్మా" అంది చిట్టి.

ముసలాయనకు వేరే మందు రాశారు. ఆపరేషన్ అయి బయటికొచ్చిన డాక్టరమ్మ తలమీది టోపీ తీసేలోపే చిట్టి జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ గోడకు ఆనుకుని వింది. "అన్ని కంప్యూటర్లలోంచీ తీసెయ్యండి. ఇప్పుడే" అంది.

బావ రెండు రోజులు మొహం చాటేశాడు. మూడో రోజు తనే వచ్చి, తప్పు ఎక్కడుందో దొరికిందన్నాడు. చిట్టి అప్పటికే తెర మార్చేసింది. మాట తెగిన చోట అడ్డంగా ఎర్ర పట్టీ: "ఇక్కడ కొంత మాట అందలేదు. మళ్లీ అడగండి."

"మన లోపం మనమే చాటుకుంటే ఎవడు కొంటాడే?"

"కొనకపోతే మానెయ్యనీ బావా. ఇది లేకుండా నేనివ్వను."

నెల తర్వాత డాక్టరమ్మ చిట్టిని రోగి కుర్చీలో కూర్చోబెట్టి, మాట మధ్యలో కావాలనే ఫోన్ ఆపేసింది. ఎర్ర పట్టీ వచ్చింది. అలా ఆరుసార్లు ఆపింది, ఆరుసార్లూ వచ్చింది.

"సోమవారం పదిమంది రోగులతో మొదలుపెడదాం" అంది. "కానీ నువ్వు వరండాలో కాదు, లోపల నా పక్కన కూర్చోవాలి."