లోపలి గడియ

మా ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేసి వెళ్ళిన ఒక పొద్దున్నే నాకు నేను ప్లాను గీస్తున్న కొండ మీద విడిదిలో బట్టలారేసే గది ఎక్కడుండాలో తట్టింది. తువ్వాలు తీసి వంటింట్లో పొయ్యి పక్కన తగిలించాను. టిఫినయ్యేసరికి ఆరిపోయింది. అంతే, పొయ్యి వెనక గోడకి ఆనించి సన్నటి గది గీసేశాను. వానలో తడిసి వచ్చేవాళ్ళ బట్టలు వంట వేడికే ఆరిపోతాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు కంకర్లోంచి వడకట్టి మళ్ళీ వాడుకోవడం, గాలి ఏ వైపునుంచి కొడితే పొగ ఇంట్లోకి రాదో చూసుకోవడం, ఇవన్నీ ఆఫీసులో అందరూ నా తెలివి అనుకున్నారు. ఇంటి చాకిరీ అని నేను చెప్పలేదు. చెబితే విలువ తగ్గించేస్తారని నాకు బాగా తెలుసు.

మేము ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసువాళ్ళం. ఈసారి వచ్చింది చెట్లు కూడా మొలవనంత ఎత్తులో, కొండలెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే విడిది. అక్కడికి రోడ్డు లేదు. ప్రతి పలకా, ప్రతి మేకూ హెలికాప్టర్లో ఎగరాల్సిందే. సిమెంటు లేదు, బండని తొలవకూడదు, రేపెప్పుడైనా విప్పి తీసేస్తే కొండకి గీత కూడా మిగలకూడదు. అందుకని నేను గీసిన ప్రతిదాన్నీ మా తూకం సారు తూచేవాడు. బరువుల లెక్కలు చూసే ఆయనకి ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది. ఆయన మొహం చిట్లించకుండా ఒప్పుకున్న మొదటి ప్లాను నాదే. ఆ రోజు లిఫ్టులో ఒక్కదాన్నే ఉన్నానని చూసుకుని చిన్న గంతేశాను.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ప్లాను ఖాయం చేసేముందు దాన్ని కార్లు పెట్టుకునే చోట నేలమీద సుద్దముక్కతో అసలు కొలతల్లోనే గీస్తాం. ఒక మధ్యాహ్నమంతా అందరం అందులో ఉంటాం. దాన్ని ఉత్తుత్తి కాపురం అంటాం. పెద్దసారు దగ్గర్నుంచి అందరూ ఆడాల్సిందే. ఆ రోజు వాళ్ళంతా కొండెక్కి వచ్చిన యాత్రికులు, నేను విడిది చూసుకునే మనిషిని. ఆ వేషం నాకిమ్మని ఎవరూ అనలేదు. దానికి నావైపు చూశారు, అంతే.

సుద్దగీత దగ్గర బూట్లు విప్పారు. లేని కోట్లు లేని కొక్కేలకి తగిలించారు. "అబ్బా, కాళ్ళు పడిపోయాయి. టీ ఏదమ్మా?" అన్నారు పెద్దసారు, టై సర్దుకుంటూ. నేను స్కేలుబద్దని గరిటె చేసుకుని లేని టీ పోశాను, లేని సూపు వడ్డించాను, లేని గిన్నెలు కడిగాను. చూస్తే నాకు నిజంగానే చెమటలు పట్టాయి. అప్పుడు తూకం సారు "దీపాలార్పేశాం, పడుకోండి" అని అరిచాడు. అందరూ తమతమ గీతల మధ్య న్యూస్‌పేపర్లు పరుచుకుని పడుకున్నారు. ఎవడో గురక కూడా మొదలుపెట్టాడు.

నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను. ఇటు వెళ్తే పొయ్యి, అటు వెళ్తే బట్టలారేసే గది. తడి బూట్లకి కూడా అరలు గీశాను. ఒక మూల విరిగిన చేతికర్రలు పెట్టుకునే చోటు కూడా ఉంది. విడిది చూసుకునే మనిషి నడుం వాల్చడానికి మాత్రం జానెడు చోటు లేదు. ఇంతా చేసి అది గీసింది ఏ మగవాడో అయితే చెడామడా తిట్టి ఊరుకునేదాన్ని. గీసింది నేనే! నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు, గురకపెట్టేవాడు కూడా కళ్ళు తెరిచి చూశాడు.

సంగతి చెప్పాను. పెద్దసారు పడుకున్నచోటి నుంచే తేల్చేశారు. "ఆవిడకి వేరే గదెందుకమ్మా? విడిదంతా ఆవిడదే కదా."

ఈ మాట నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, మా ఇంట్లోనే. పెళ్ళైన కొత్తలో ప్లాన్లు గీసుకోడానికి ఒక మూల కావాలంటే మా ఆయన ఎంతో ప్రేమగా, "పిచ్చిదానా, ఇల్లంతా నీదే కదా, మూలెందుకు?" అన్నాడు. నేను మురిసిపోయాను కూడా. అప్పట్నుంచీ భోజనాల బల్ల మీద గీస్తున్నాను. కంచాలొచ్చేవేళకి అన్నీ ఎత్తి ఫ్రిజ్ మీద పెడతాను, కంచాలు లేచాక మళ్ళీ దించుతాను. ఇల్లంతా నాదే, కానీ అందులో నేను కూర్చుంటే ఎవరికీ అడ్డంరాని చోటు ఒక్కటీ లేదు. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అంత మోసం. సుద్దగీతల మధ్య నిలబడి ఆ సంగతి తెలుసుకున్నందుకు నాకు ఏడుపు రావాలి. రాలేదు సరికదా, ఒళ్ళు తేలికైపోయింది.

సుద్దముక్క తీసుకుని, హాలు ముందున్న గాజు బాల్కనీ చెరిపేసి, అక్కడ ఒక గది గీశాను. మంచం, కిటికీ, తలుపు. ఆ బాల్కనీ పెద్దసారుకి ముద్దుల బిడ్డ.

"కొండలు చూడ్డానికే కదమ్మా అంతదూరం ఎక్కేది!" అని ఆయన లేచి కూర్చున్నారు.

"బయటికెళ్ళి చూస్తారు సార్. వాళ్ళొచ్చిందే బయట్నుంచి కదా."

"ఆవిడ వంటింటి బల్ల మీద సర్దుకుంటుంది. అన్ని విడుదుల్లోనూ అంతే."

"అయితే ఈ ప్లాను మీద నా పేరు తీసేయండి."

ఆ మాటన్నది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది. తూకం సారు పడుకునే ఫోన్లో లెక్క వేశాడు. "గాజు పోతే బరువు బాగా తగ్గుతుంది సార్. గది పెట్టినా ఇంకా తేలికే" అన్నాడు. ఆ క్షణంలో ఆయన నాకు దేవుడిలా కనబడ్డాడు. పెద్దసారు ప్యాంటు దులుపుకుని, "సరే, చిన్నదే సుమా" అన్నారు.

పని జరిగినన్నాళ్ళూ నేను కొండమీదే ఉండాలన్నారు. "నువ్వు కొండెక్కి కూర్చుంటే ఇల్లేమైపోతుంది?" అన్నాడు మా ఆయన. "ఎక్కడికీ పోదు, చూస్తూ ఉండండి" అన్నాను. అత్తయ్య బఠాణీలు ఒలుస్తూ తలెత్తలేదు. నేను వెళ్ళాను. ఆ వేసవంతా గోడలు గాల్లో ఎగురుతూ రావడం, వాటిని చేతులు చాచి దించుకోవడం, ఎవరో వండింది తినడం! అంత ఆకలి, అంత నిద్ర చిన్నప్పుడు తప్ప మళ్ళీ ఎరగను.

విడిది తెరిచిన రోజు మా ఆఫీసంతా ఎక్కి వచ్చింది. చుట్టుపక్కల విడుదుల్లోనే జీవితం గడిపిన ఆవిడ ఇక్కడ విడిది చూసుకునే పనిలో చేరింది. అందరూ కొండక్క అంటారు. ఆమె వంటిల్లు చూసింది, తల ఊపింది. తన గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల గడియ టక్కుమంది.

చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. "ఆకలేస్తోంది, పిలవమ్మా" అన్నారు పెద్దసారు. "పొయ్యి అక్కడుంది సార్" అన్నాను. కాసేపటికి ఆయన ముక్కు ఎగబీలుస్తూ ఉల్లిపాయలు తరుగుతున్నారు, తూకం సారు ఉప్పు తూచి వేస్తున్నాడు. సూపు ఉడికాక కొండక్క బయటికొచ్చింది. చెంప మీద దిండు ముడతలు. గిన్నె అందుకుని నా పక్కన కూర్చుంది.

"ఇన్నేళ్ళూ వంటింటి బల్ల మీదే పడుకున్నానమ్మా. కన్నంటుకునే వేళకి ఎవరో ఒకరు మంచినీళ్ళకొచ్చేవాళ్ళు" అంది. "ఇవాళ లోపల ఏం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు."

కొండ దిగి సిగ్నలు అందే చోటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది. నా ధైర్యం చల్లారకముందే చెప్పేశాను. "అత్తయ్యా, వచ్చాక ఆ పెట్టెలగది ఖాళీ చేసి నేను తీసుకుంటాను. లోపలివైపు గడియ పెట్టించుకుంటాను."

 

"వడ్రంగి ఎలాగూ వస్తాడుగా, నా తలుపుకీ ఒకటి పెట్టించవే. ఉన్న గడియని మీ మామయ్య మా పెళ్ళైన కొత్తలోనే ఊడదీయించారు" అంది అత్తయ్య.