చెప్పని సీసా

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ కథలో వైద్యం ఫలించింది. సునీల్‌కుమార్ సూది మానేశాడు. అంతవరకు విని సంతోషించి లేచిపోదామనుకునేవాళ్లు ఇప్పుడే లేవొచ్చు, నేనేమీ అనుకోను. కూర్చునేవాళ్లు మాత్రం గుండె గట్టి చేసుకోండి.

సునీల్‌కుమార్‌ది ఎల్లారెడ్డి పక్కన ఊరు. కరెంటు స్తంభాలెక్కే కాంట్రాక్టు పని. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైనుకు కరెంటు ఆపించాలి. దాన్ని వాళ్లు లైన్ క్లియర్ అంటారు. రెండేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం, కింద నిలబడ్డవాడు "తీసుకున్న, ఎక్కు" అన్నాడు. తీసుకోలేదు. సునీల్ షాక్ కొట్టి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది.

లోపల రాడ్ వేశారు, నొప్పికి సూది ఇచ్చారు. అది నల్లమందు జాతి మందు. ఎముక అతుక్కుంది, సూది కూడా అతుక్కుంది. మొదట ఊరి ఆర్‌ఎంపీ పొడిచేవాడు, తర్వాత సునీలే పొడుచుకునేవాడు. తొడల నిండా గడ్డలు. సూది కాస్త ఆలస్యమైతే ముక్కూ కళ్లూ కారిపోతూ, కడుపు పట్టుకుని మంచంపట్టెకు తల కొట్టుకునేవాడు.

తల్లి సాలవ్వ ప్రార్థన చేసేది. తండ్రి అబ్రాహాము కల్లు దుకాణానికి పోయేవాడు. చెల్లెలు భాగ్యశ్రీ గూగుల్‌లో వెతికేది. ఎవరి నమ్మకం వాళ్లది.

భాగ్యశ్రీ బీటెక్ చదివి ఎల్లారెడ్డి మీసేవలో కూర్చుని కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీసిస్తుండేది. కామారెడ్డిలో కొత్తగా పెట్టిన ఆస్పత్రి సంగతి ఆమెకు నెట్‌లోనే దొరికింది. మనిషిని మత్తులో పడుకోబెట్టి, ఒంట్లో ఉన్న మందునంతా ఇంకో మందుతో ఒక్కసారే తరిమేస్తారట. రోజుల తరబడి పడాల్సిన నరకం కొన్ని గంటల్లో అయిపోతుంది. నిద్రలో ఉంటాడు కాబట్టి మనిషికి తెలియదు.

"ఫార్మాట్ కొట్టినట్టే అవ్వా," అంది తల్లితో. "కంప్యూటర్ల వైరస్ పడితే అంత తుడిచి మళ్ల కొత్తగ ఎక్కిస్తం సూడు, గట్ల."

"మరి తుడిస్తే లోపల ఉన్నయన్ని పోవా బిడ్డా?"

"పనికొచ్చేటివి పోవు తియ్యి."

అట్లా ఒకరోజు తల్లీ పిల్లలు ముగ్గురూ కామారెడ్డి బస్సెక్కారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. సునీల్‌ను అడిగాడు.

"సూది కాకుండా ఇంకేమైనా అలవాట్లున్నాయా?"

"నన్నెందుకు అడుగుతరు సార్," అన్నాడు సునీల్ కారుతున్న ముక్కు తుడుచుకుంటూ. "మా చెల్లెది మీసేవ. నా పుట్టుక కాడికెళ్లి అన్ని ఆమె దగ్గరనే ఉంటయి."

డాక్టరు నవ్వి భాగ్యశ్రీ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. తాగుతాడా?"

సాలవ్వ నోరు తెరిచింది. తల్లి మాట మొదలుపెడితే బోరు నీళ్లలాగా ఎటు పారుతుందో తెలియదు. ఏసీ గదిలో, ఇంగ్లీషు చదివిన మనిషి ముందు ఆ పారకం చూడటం భాగ్యశ్రీకి ఇష్టం లేదు. గబుక్కున తనే అందుకుంది.

"లేదు సర్. మేం బాప్తిస్మం తీసుకున్నాం. ఇంట్లో మందు ముట్టరు."

అది అబద్ధం కాదు. వాళ్ల ఊళ్లో మందంటే బ్రాందీ, విస్కీ. కల్లు లెక్కలోకి రాదు. పొద్దుగూకితే ఇంటింటికీ సీసాలొస్తాయి, జ్వరమొచ్చిన పిల్లలకు కూడా గ్లాసులో పోస్తారు. ఈతచెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ కాబట్టి దుకాణంవాళ్లు నీళ్లలో మత్తుపొడి కలుపుతారని అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించరు. భాగ్యశ్రీ కూడా కాలేజీ హాస్టల్‌కు వెళ్లేదాకా తాగింది. హాస్టల్లో మొదటి వారం నిద్ర లేదు, చేతులు వణికాయి. ఇంటి మీద బెంగ అన్నారు. తనూ అదే అనుకుంది.

సునీల్ ఆమె వైపు ఒకసారి చూశాడు. చూసి, మళ్లీ ముక్కు తుడుచుకున్నాడు. చదువుకున్నది, దానికి తెలుస్తుందిలే అనుకుని ఉంటాడు.

స్ట్రెచర్ మీద లోపలికి తోస్తుంటే చెయ్యి ఊపాడు.

"భాగ్యా, లైన్ క్లియర్ తీస్కున్నవా?"

"తీస్కున్న, ఎక్కు," అంది నవ్వుతూ.

కాసేపటికి మత్తు ఇచ్చే డాక్టరు తలుపు సగం తీసి బయటికి తొంగిచూశాడు. "ఎంత ఇచ్చినా మనిషి పడుకోవట్లేదమ్మా. నిద్రమాత్రలు అలవాటా?"

"లేదు సర్."

ఇదీ అబద్ధం కాదు. వాళ్లింట్లో ఎవరూ ఎన్నడూ నిద్రమాత్ర కొనలేదు. కల్లులో కలిపే పొడి కూడా ఆ జాతిదే అయినా, సీసాలో వచ్చేదాన్ని మాత్ర అని ఎవరంటారు? తలుపు మూసుకుంది.

సాయంత్రం సునీల్ కళ్లు తెరిచాడు. పెదాలు ఎండిపోయి, ముఖం పిండేసిన గుడ్డలా ఉంది.

"సూది కావాల్నా అన్నా?"

"ఏం సూది?" అన్నాడు, అని పళ్లికిలించాడు. సాలవ్వ అక్కడే మోకాళ్ల మీద కూలబడి దేవునికి స్తోత్రం చెప్పింది. భాగ్యశ్రీ బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది. ఆమె బతుకులో అంత సంతోషమైన రోజు మళ్లీ రాలేదు.

ఇంటికి తీసుకొచ్చాక కొడుకు మంచం పక్కన అబ్రాహాము ఒక సీసా తెచ్చిపెట్టాడు. భాగ్యశ్రీ దాన్ని ఎత్తి వాకిట్లో పారబోసింది.

"బుద్ధుందా బాపు? మత్తు మాన్పిచ్చి తీస్కొస్తే మళ్ల ముందర మందు పెడ్తవా?"

"గిది మందేంది బిడ్డా, కల్లు."

"ఏదైతేంది! ఇగ వాని ఒంట్లకు ఏం పోవద్దు. క్లీన్ ఉండాలె."

ఆస్పత్రిలో మందు కాని కల్లు ఇంట్లో మందయింది. అబ్రాహాము వాకిట్లో తడిసిన మట్టినీ బిడ్డనూ మార్చి మార్చి చూసి, "నీ ఇష్టం తల్లీ, సదువుకున్నదానివి," అని వెళ్లిపోయాడు.

మూడో రోజుకు సునీల్ చేతులు వణకడం మొదలైంది. చెమటతో చాప తడిసింది. కంటి మీద కునుకు లేదు. భాగ్యశ్రీ ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"సూది వదిలేటప్పుడు కొన్నాళ్లు అలాగే ఉంటుందమ్మా," అన్నారు అవతల. "ధైర్యం చెప్పండి. మళ్లీ సూది మాత్రం ఇవ్వకండి."

ఆమె ధైర్యం చెప్పింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది. గ్లూకోజు నీళ్లు పట్టింది. హాస్టల్లో మొదటి వారం తన చేతులు కూడా ఇట్లాగే వణికాయని ఆమెకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మరుసటి పొద్దున సునీల్ లేచి దర్వాజా పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టాడు. ఇంటి నిండా తీగలున్నాయట.

"దిగుర్రి! అందరు దిగుర్రి! లైన్ క్లియర్ లేదు! భాగ్యా, అవ్వను పట్టుకో, తీగ ముట్టుకుంటది!"

"అన్నా, తీగలేం లేవే. నేను తీస్కున్న, లైన్ క్లియర్ ఉన్నది."

"అబద్ధం," అన్నాడు సునీల్ స్పష్టంగా, ఆమె కళ్లలోకి చూస్తూ. కళ్లు పైకి తిరిగాయి. కట్టె విరిగినట్టు పడ్డాడు. ఒళ్లంతా కొట్టుకుంది. ఆగింది. తెలివి రాకముందే మళ్లీ కొట్టుకుంది.

అంబులెన్స్ వచ్చింది. లింగంపేట దాటింది. లోపల కూర్చున్న కుర్రాడు సునీల్ చేతికి సూది గుచ్చుతూ అడిగాడు. "ఏమన్న తాగుతడా అమ్మా?"

ఈసారి భాగ్యశ్రీ అన్న కాళ్లు అదిమి పట్టుకుని ఉంది. సాలవ్వే చెప్పింది.

"ఏం తాగడు నాయనా, కల్లు తప్ప. పొద్దుకు ఐదారు సీసలు తాగెటోడు. ఆస్పత్రికి పోయొచ్చిన కాన్నుంచి పాపం గదీ లేదు."

ఆ కుర్రాడి చెయ్యి ఆగింది. "ఒక్కపారే బంద్ పెట్టిన్రా? అండ్ల కలిపేది తెల్వదా మీకు? బంద్ పెడితే ఫిట్స్ వస్తయి. ఆస్పత్రిల చెప్పలేదా?"

సాలవ్వ బిడ్డ వైపు తిరిగింది. "చెప్పినవ్ కద బిడ్డా? డాక్టర్ అడిగితే నువ్వే చెప్తివి కద?"

బయట తాడ్వాయి పోతోంది. బండి గుంతలో పడి లేచింది. సునీల్ మళ్లీ కొట్టుకుంటున్నాడు.

"చెప్పిన అవ్వా," అంది భాగ్యశ్రీ.

సునీల్ చావలేదు. ఫిట్స్ ఆగేసరికి చాలా ఆలస్యమైంది, అంతే. హైదరాబాద్ పెద్దాస్పత్రి నుంచి వచ్చాక గడప మీద కూర్చుంటాడు. పెడితే తింటాడు. ఇంటిముందు కరెంటు స్తంభం చూపించి, "గదేంది?" అని అడుగుతాడు. చెప్తే తలూపి, కాసేపాగి మళ్లీ అడుగుతాడు. భాగ్యశ్రీని "మేడమ్" అంటాడు, ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చినవాడిలాగా. తుడిస్తే లోపల ఉన్నవన్నీ పోవా అని అడిగిన సాలవ్వ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కొడుకు బాగుపడాలని బిడ్డ చేయాల్సిందంతా చేసిందని వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. భాగ్యశ్రీ అది వినపడనంత దూరం వెళ్లి నిలబడుతుంది.

సూది మాత్రం సునీల్ మళ్లీ అడగలేదు. గుర్తుంటే కదా అడగడానికి.

కొన్ని నెలలకు కామారెడ్డి నుంచి ఫోనొచ్చింది.

"పేషెంట్ సూది మానేశారా మేడమ్?"

"మానేశాడు."

"చాలా సంతోషం! మీలాంటివాళ్లు చెప్తే నలుగురికీ ధైర్యం వస్తుంది. మా వెబ్‌సైట్‌లో మీ అనుభవం నాలుగు మాటలు రాస్తారా?"

భాగ్యశ్రీ మీసేవలో కూర్చుని ఆ పేజీ తెరిచింది. ఖాళీ గడిలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. కౌంటరు దగ్గర జనం అరుస్తున్నా చాలాసేపు దాన్నే చూసి, ఏమీ రాయకుండా మూసేసింది.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒక డాక్టరు అడిగే ఉంటాడు, మీరూ జవాబు చెప్పే ఉంటారు. ఏం చెప్పారో వద్దు. చెప్పకుండా వదిలేసింది ఏమిటో, అది రాయండి.