తవిటయ్యకు ఊదిన బూర

నేను ఒక ఇత్తడి బూరను. సైన్యంలో నన్ను బ్యూగిల్ అంటారు. ఇక్కడి వీధుల్లో మాత్రం అందరూ బూర అనే అంటారు, నాకూ అదే బాగుంటుంది. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, వినేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

నేను పుట్టింది మేరఠ్‌లో, బ్యాండు సామాన్లు చేసే ఒక ఇరుకు సందులో. ఒక ముసలాయన ఇత్తడి రేకును కాల్చి, కొట్టి, వంచి, మళ్ళీ కొట్టి నన్ను చేశాడు. అక్కడి నుంచి ఒక రెజిమెంటుకు వెళ్ళాను. పొద్దున్నే సిపాయిలను లేపడం, అన్నానికి పిలవడం, సాయంత్రం జెండా దించేటప్పుడు మోగడం నా పనులు. ఎవరైనా చనిపోతే లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు రాగం కూడా నాదే. పొద్దున నన్ను బూతులు తిట్టినవాడే మధ్యాహ్నం నేను అన్నానికి పిలిస్తే పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. మనుషుల తీరు నాకు అప్పుడే అర్థమైంది.

నన్ను ఎక్కువ కాలం ఊదినవాడు పొట్నూరు జోగారావు. శ్రీకాకుళం జిల్లావాడు. ఒకసారి ట్రక్కు మీంచి పడి నా అంచు సొట్టపోతే, స్టోర్సువాళ్ళు ఇక పనికిరాదని నన్ను పక్కన పడేశారు. జోగారావు అప్పుడే రిటైరవుతున్నాడు. పెద్ద సాబును బతిమాలి, ట్రంకుపెట్టెలో బట్టల మధ్య దాచి నన్ను తన ఊరికి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు ఇంట్లో ఉంచుకున్నాడా? లేదు. మాజీ సైనికుల క్లబ్బు పెడుతున్నారని మురిసిపోయి నన్ను దానికి ఇచ్చేశాడు.

క్లబ్బంటే హైవే పక్కన ఒక హాలు, ఒక క్యారమ్ బోర్డు, కొన్ని కుర్చీలు, నన్ను పెట్టి తాళం వేసిన ఒక అద్దాల బీరువా. పొద్దున్నే పేపరు కోసం కీచులాట, అది అయ్యాక పాత యుద్ధాల మీద కీచులాట. ఏటా డిసెంబరు పదహారున విజయ దినం విందు. వాళ్ళకొక ఆచారం ఉంది, అది మాత్రం నాకు నచ్చేది. సభ్యుడెవరైనా పోతే అందరూ టోపీలు పెట్టుకుని, మెడల్స్ తగిలించుకుని శ్మశానానికి వెళ్తారు. హాజరు పిలిచినట్టు పోయినవాడి పేరును సెక్రెటరీ మూడుసార్లు గట్టిగా పిలుస్తాడు. జవాబు రాదు. అప్పుడు జోగారావు నన్ను ఊదుతాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న కొడుకులు కూడా ఆ క్షణంలో భోరుమంటారు.

సెక్రెటరీ పేరు విశ్వేశ్వరరావు, ఆనరరీ కెప్టెన్. ఆ ఆనరరీ అన్న మాటను బోర్డు మీద చీమ తలకాయంత రాయించాడు. సర్వీసంతా ఒక డిపోలో దుప్పట్లు లెక్కపెట్టిన మనిషి. దీపావళికి తప్ప గుండు చప్పుడు విన్నట్టు లేదు. అయినా ముందు వరుసలో ఎవరు కూర్చోవాలో, వెనక ఎవరు కూర్చోవాలో ఆయన చెప్పిందే వేదం.

వెనక వరుసలో తవిటయ్య ఉండేవాడు. బమ్మిడి తవిటయ్య సైన్యంలో వంటవాడు. మంచుకొండ మీద పోస్టులో గుళ్ళు పడుతుంటే బంకర్లకు టీ మోసి, ఆ చలికి ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. క్లబ్బు విందంటే ఆయనే వండాలి. వేటమాంసం ఉడుకుతుంటే కెప్టెన్ గారే గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చేవాడు. "తవిటీ, మూలగ ఎముక నాకుంచరా" అనేవాడు. విందు అయ్యాక తవిటయ్య చోటు మళ్ళీ వెనక వరుసే.

ఇంతలో జోగారావుకు ముందుపళ్ళు ఊడిపోయాయి. కట్టుడు పళ్ళతో నన్ను ఊదడం కుదరదు, పెదవికి పట్టు దొరకదు. ఆ మాట ఒప్పుకుని ఇంకొకరికి నేర్పొచ్చు కదా! పరువు తక్కువట. కెప్టెన్ గారికి ఒక ఉపాయం తట్టింది. పూలదండల వెనక స్పీకరు దాచి ఫోన్లోంచి రాగం పెట్టడం, జోగారావు నన్ను నోటికి ఆనించి ఉత్తుత్తినే బుగ్గలు పొంగించడం. చచ్చినవాడి ముందు నా చేత అబద్ధం ఆడించారు, వీళ్ళ మొహాలు మండ!

కాంట్రాక్టర్ శేషగిరి పోయినప్పుడూ అంతే. ఆయన బతికుండగా సైన్యం గుమ్మం తొక్కలేదు. క్లబ్బుకు శ్లాబు వేయించాడని గౌరవ సభ్యుణ్ణి చేశారు. రాగం మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే నాలోంచి సినిమా పాట వచ్చింది. జోగారావు బుగ్గలు అలాగే ఉబ్బించుకుని నిలబడ్డాడు. ఆ రోజు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాతి వేసవిలో ఒక పొద్దున తవిటయ్య పోయాడు. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి, ఆయన భార్య పారమ్మ తానే క్లబ్బుకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బాబూ, ఆయన పోనాడు. మీరందరూ ఒచ్చి ఆ బూరూదాల. నాను పోతే బూరూదుతారే పారీ, నువ్వేడవకుండా ఇనాల అని ఎప్పుడూ సెప్పీవోడు."

కెప్టెన్ గారు పేపరు మడిచాడు. "దండ పంపిస్తానమ్మా. మనిషి మంచోడు. కానీ బూరంటే... తవిటయ్య కుక్కు కదా, సిపాయి కాదు. క్లబ్బు రూలు ఒప్పుకోదు."

"మరా కాంట్రాక్టరు బాబు ఏ యుద్ధం సేసినాడు బాబూ?"

కెప్టెన్ గారు మడిచిన పేపరును మళ్ళీ విప్పాడు. "అది వేరు. ఆయన మనకి శ్లాబు వేయించాడు."

హాలు నిండా మగాళ్ళు. ఒక్కొక్కడూ తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. క్యారమ్ బోర్డు ముందు కూర్చున్న జోగారావు కూడా తల దించుకున్నాడు. వాళ్ళ మీదకంటే నాకు జోగారావు మీదే ఎక్కువ మండింది. ఆ మంచుకొండ పోస్టులో తనూ తవిటయ్యా కలిసే ఉన్నారు. తవిటయ్య తెచ్చిన టీ తాగితేనే తన పెదాలు కదిలేవని, అవి కదిలితేనే నన్ను ఊదడం కుదిరేదని ఎన్నిసార్లు చెప్పాడు! పారమ్మ చెంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు లేచాడు జోగారావు. "బీరువా తాళమియ్యండి సాబ్."

"కూర్చో జోగారావ్. ఆర్డరంటే ఆర్డరే."

"మీ ఆర్డరు మీ కాడే ఎట్టుకోండి. ఇన్నాళ్ళూ ఇన్నాను, సిగ్గు నేక."

చేతికర్రతో బీరువా అద్దం మీద ఒక్కటిచ్చాడు. గాజుపెంకుల్లోంచి నన్ను లాక్కుని, భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నా జన్మలో నేను అంత సంతోషించింది లేదు.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఎవరో అన్నారు. పారమ్మ వినిపించుకోలేదు. పేరు పిలవడానికి సెక్రెటరీ లేడు కాబట్టి జోగారావే, సైన్యంలో హోదాతో సహా, పిలిచాడు. "నాయక్ బమ్మిడి తవిటయ్యా!" మూడుసార్లు పిలిచాడు. కట్టుడు పళ్ళు తీసి చొక్కా జేబులో వేసుకుని, నన్ను బోసి చిగుళ్ళకు అదిమి ఊదాడు.

మొదట గాలే వచ్చింది. రెండోసారి మేక అరిచినట్టు అరిచాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జోగారావు ఆగలేదు. పెదవి చిట్లి నా మూతి తడిసింది. నెమ్మదిగా రాగం మొదలైంది. పై స్వరాలు అందలేదు, కింది స్వరాలు వణికాయి. ఎక్కడపడితే అక్కడ తెగిపోయింది. అయినా అది మా ఊపిరి, ఫోన్‌ది కాదు. క్లబ్బు నుంచి నలుగురు ఎప్పుడు వచ్చారో, టోపీలు లేకుండానే వచ్చి సెల్యూట్ కొట్టి నిలబడ్డారు. పారమ్మ ఏడవలేదు. చివరిదాకా విన్నది.

తిరిగి వెళ్తూ జోగారావు నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "నీ కాడే ఉండనీ వొదినా. ఆ బీరువాలో ఇంకెట్టను." ఆమె నన్ను వంటింటి గోడకు, తవిటయ్య గరిటెల పక్కన తగిలించింది.

క్లబ్బులో మీటింగు పెట్టారు. అద్దం పగలగొట్టినందుకు, రాగాన్ని ఖూనీ చేసి క్లబ్బు పరువు తీసినందుకు జోగారావును సభ్యత్వం నుంచి తీసేశారు. క్లబ్బు ఆస్తి క్లబ్బుకు రావాలని ఇద్దరిని పంపారు. వాళ్ళు మంచినీళ్ళు తాగి, పారమ్మ చెప్పింది విని, తలలు దించుకుని వెళ్ళిపోయారు. మర్నాడు కెప్టెన్ గారే వచ్చాడు, మెడల్స్‌తో సహా. గుమ్మం బయటే నిలబడి రూలు చెప్పాడు.

పారమ్మ గొంతు పెంచలేదు. ముందురోజు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది.

"ఒట్టికెళ్ళండి బాబూ, నానడ్డు రాను. ఆయన సేతి కూడు తిననోడెవుడైనా మీలో ఉంటే, ఆడొచ్చి ఆడి సేత్తో మేకు మీంచి తియ్యాల."

కెప్టెన్ గారు నా వైపు చూశాడు. నా పక్కనున్న గరిటెల వైపు చూశాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అలాంటివాడి కోసం క్లబ్బులో వెతుకుతున్నారేమో. ఇంతవరకు ఎవరూ రాలేదు.