చివరి మాట ఇంటావిడది

ఆ ఆదివారం మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ ముందుగదిలో హత్య గురించి తగువు మొదలైంది. నవల్లో హంతకుడు దొరికి జైలుకు కూడా పోయాడు. అయినా ఆ వీధిలో చదివేవాళ్ల బృందానికి పుస్తకం అయిపోతే గానీ నోరు లేవదు. నెలకో పుస్తకం తీసుకుంటారు, నెలకొకరి ఇంట్లో కూర్చుంటారు, ఒక్కొక్కరే అభిప్రాయం చెప్పి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. మార్కుల ఆలోచన టీచరమ్మదే. పిల్లలకు వేసి వేసి అలవాటైన చెయ్యి, రిటైరయ్యాక ఊరికే ఉండలేకపోయింది. ఎవరింట్లో కూర్చుంటే ఆ ఇంటివాళ్లు అందరికన్నా ఆఖర్న మాట్లాడాలన్న నియమం కూడా ఆవిడ పెట్టిందే. టీ ఇచ్చే మనిషి ముందే తీర్పు చెప్పేస్తే, తాగేవాళ్లు మొహమాటానికి తలూపుతారని ఆవిడ వాదన.

ఈసారి పుస్తకం ‘నాలుగో నంబరు బల్ల’. నీళ్ల ట్యాంకులో ఊరూ పేరూ తెలియని అమ్మాయి శవం దొరుకుతుంది. శవపరీక్షలు చేసే ఒక డాక్టరమ్మ ఆ శవం చెప్పే ఆనవాళ్లు పట్టుకుని హంతకుడి ఇంటి గుమ్మం దాకా వెళుతుంది. అదీ కథ. దాన్ని ఎంచుకున్నది బ్యాంకు బాబాయి. ఎంచుకున్నాక గానీ ఆయనకు అసలు సంగతి తట్టలేదు. టీచరమ్మ కూతురు చేసే ఉద్యోగం అదే కదా!

“వదినా, ఈ నెల మీ ఇంట్లోనే పెట్టుకుందాం. మన డాక్టరమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి రాసినాయన ఎక్కడెక్కడ గొప్పలు పోయాడో ఇట్టే తేలిపోతుంది” అన్నాడాయన.

“దానికి దొరికేది ఒక్క ఆదివారం. ఆ రోజు కూడా ఆ గొడవేనా?” అని టీచరమ్మ గొణిగి, చివరికి సరేనంది.

వంటింట్లో ఉన్న డాక్టరమ్మకు ఆ గొణుగుడు స్పష్టంగానే వినిపించింది. కొత్తగా విన్నదేమీ కాదు. ఇంట్లో ఆ పని ఊసెత్తకూడదన్నది రాయని చట్టం. ఆసుపత్రి నుంచి రాగానే స్నానం చేస్తుంది, తల్లీకూతుళ్లిద్దరూ అన్నం తింటారు, కూరగాయల ధరల గురించీ మేడమీద కారే కుళాయి గురించీ మాట్లాడుకుంటారు. ఆ రోజు బల్ల మీదికి ఎవరొచ్చారో, వాళ్లకు ఏమైందో తల్లి అడగదు. కూతురు చెప్పదు.

అలా ఎందుకైందో డాక్టరమ్మకు తెలుసు, లేదా తెలుసనుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆమె క్యారియర్ ఇంట్లో మరిచిపోయింది. పని ముగించుకుని బయటికొచ్చేసరికి ఆ క్యారియర్ వరండాలో బెంచీ మీద ఉంది. “మీ అమ్మగారు వచ్చారమ్మా. లోపలి తలుపు దాకా వెళ్లారు. వెళ్లినంత వేగంగా వెనక్కొచ్చేశారు. పాపం, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క మాట కూడా ఆడకుండా వెళ్లిపోయారు” అన్నాడు వాచ్‌మన్. ఆ రోజు క్యారియర్‌లో అన్నం ఆమెకు సయించలేదు. ఆ తర్వాత తల్లి మళ్లీ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. వచ్చావట కదా అని కూతురూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు వినే ధైర్యం లేకపోయింది.

ఆ గాయం ఎప్పుడో మానిపోయేదే. కానీ ఈ మధ్య తల్లి భుజం పట్టేసింది. కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. జడ వేసుకోలేదు, దువ్వుకోనూ లేదు. రోజూ పొద్దున దువ్వెన చేత్తో పట్టుకుని మెట్లు దిగి, కింద కుట్టుకొట్టు టైలరత్త దగ్గరికి వెళ్లి జడ వేయించుకొస్తుంది. ఇంట్లో కూతురు ఖాళీగా కూర్చుని పేపరు చదువుతున్నా సరే. “నేను వేస్తాను రా అమ్మా” అని ఒకసారి పిలిస్తే, “వద్దులే, ఆవిడకు అలవాటైంది” అనేసి చెప్పులేసుకుంది. ఆ పూట డాక్టరమ్మ కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు తోముకుంది. సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా రాలేదు. ఆ చేతులు తల్లి తలను తాకడానికి పనికిరావన్నమాట అనుకుంది. ఏడవలేదు గానీ, ఏడిస్తేనే బాగుండేది.

ఇప్పుడు ముందుగదిలో టీలు అందాయి. మొదటి మాట టైలరత్తది.

“చొక్కా గుండీ కుట్టిన దారం చూసి హంతకుడిది ఎడమచేతి వాటమని కనిపెట్టేసిందట! ఇన్నేళ్లుగా కుడుతున్నాను, గుండీ దారంలో చేతివాటం నాకే కనిపించలేదు. ఆవిడకెలా కనిపించిందో! నలభై. అదీ జాలిపడి.”

“గుండీ సంగతి వదిలెయ్యండి. హంతకుడు ఆదివారం బ్యాంకుకెళ్లి లాకరు తెరిచాడు! ఏ మేనేజరు తెరిచాడండీ ఆదివారం? ఆ మేనేజరును ముందు సస్పెండ్ చెయ్యాలి” అని బ్యాంకు బాబాయి మండిపడ్డాడు. అంత మండిపడ్డవాడు ఎనభై మార్కులు వేశాడు. ఎందుకంటే, చదువుతూ ఉంటే టీ పొంగి పొయ్యంతా పాడైనా లేవబుద్ధి కాలేదట.

పక్కింటి కోడలు తాను ఆఖరి పేజీ ముందే చదివేశానని ఒప్పుకుంది. “ఎవరు చంపారో తెలిస్తే గానీ నాకు స్థిమితం ఉండదండీ. తెలిసిపోయాక హాయిగా చదువుకున్నాను” అంది. అందరూ ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. పాపం, మార్కులు వెయ్యడం కూడా మరిచిపోయింది.

ఇక మిగిలింది మందులషాపు మావయ్య. ఆయన టీచరమ్మను అక్కయ్యా అని పిలుస్తాడు, ఆ చనువుతో ఆవిడ ఇంట్లో గొంతు కాస్త పెద్దది చేస్తాడు.

“మత్తుమందు రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే దభీమని పడిపోవడం దగ్గరే పది మార్కులు కోసేశాను. అదైనా సర్దుకుపోవచ్చు. అసలు నవ్వొచ్చింది ఇంకొకటుంది. ఆ డాక్టరమ్మ శవంతో మాట్లాడుతుంది! పని మొదలుపెట్టే ముందు, ‘భయపడకు, నేనున్నాను’ అంటుంది. పోయినవాళ్లకు భయమేంటయ్యా? సినిమావాళ్లు కొనుక్కుంటారని ఆశపడి రాసుకున్నాడు, అంతే.” ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మాయ్. ఎవరైనా అలా మాట్లాడతారా?”

అందరి కళ్లూ ఆమె మీద పడ్డాయి. తల్లి మాత్రం గ్లాసులోకి చూస్తోంది.

మాట్లాడతారు. డాక్టరమ్మ రోజూ మాట్లాడుతుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ముసలివాళ్లు వస్తే మెల్లగా అంటుంది, పిల్లలొస్తే ముద్దుగా అంటుంది. ఆ సంగతి ఈ గదిలో ఒప్పుకుంటే వీళ్లంతా ఆశ్చర్యపోతారు, బాబాయి నాలుగు వీధులకూ చెబుతాడు. అది ఫర్వాలేదు. కానీ తల్లి ఆ గ్లాసు పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోతే? అందరి ముందూ మళ్లీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటే?

“లేదు మావయ్యా. పని ఒత్తిడిలో మాటలకు తీరికెక్కడిది?” అంది.

“చూశారా!” అని మావయ్య తొడ చరిచి, ఇంకో పది మార్కులు కోశాడు. “ముప్పై ఐదు. అత్తెసరు పాసు.”

ఇక ఇంటావిడ వంతు. తల్లి ఒళ్లో పెట్టుకున్న పుస్తకం వైపు డాక్టరమ్మ అప్పుడే సరిగ్గా చూసింది. బళ్లో పుస్తకాలకు వేసినట్టు దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. బల్లా కత్తీ ఉన్న ఆ ముఖచిత్రం కంటికి కనబడకుండా దాచేసి ఉంటుంది, లోపల ఒక్క పేజీ కూడా తిప్పి ఉండదు అనుకుంది. ఏదో మర్యాదకు రెండు ముక్కలు చెప్పి ముగించేస్తుందని ఎదురుచూసింది.

“రెండుసార్లు చదివాను. రోజూ చేతుల్లో నలుగుతుంటే చిరుగుతోందని అట్ట వేశాను” అంది టీచరమ్మ. “గుండీలూ లాకర్లూ మీరు చూసుకున్నారు, బాగుంది. కానీ తమ్ముడూ, శవంతో మాట్లాడిందని కోసిన ఆ పది మార్కులూ తిరిగి వెయ్యి.”

“అదేంటక్కయ్యా! నీ కూతురే కాదంటుంటే?”

“అది అబద్ధం చెప్పింది.” ఆవిడ కూతురి వైపు చూడకుండానే అంది. “మాట్లాడతారు. నేను విన్నాను.”

డాక్టరమ్మ చప్పున తల్లి వైపు తిరిగింది.

“ఉద్యోగంలో చేరిన కొత్తలో క్యారియర్ మరిచిపోయింది. ఇచ్చొద్దామని వెళ్లాను. ఆ తలుపు ఓరగా తీసి ఉంది. బల్ల మీద ఎవరో చిన్నపిల్ల. బడికెళ్లే వయసు. జుట్టంతా మట్టి, చిక్కులు. తలకు దెబ్బ తగిలిందేమో చూడాలి కాబోలు, ఇది ఆ జుట్టును పాయ పాయగా విడదీస్తోంది. లాగెయ్యొచ్చు. కత్తిరించి పారెయ్యొచ్చు. అడిగేవాళ్లెవరు? కానీ వేళ్లతో ఒక్కో ముడీ విప్పుతూ, ‘కాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది, ఇంకొక్క చిక్కే’ అంటోంది.”

టీచరమ్మ ఒళ్లో ఉన్న పుస్తకాన్ని, నవల్లో డాక్టరమ్మ శవంతో మాట్లాడే పేజీ దగ్గర తెరిచింది.

“ఆ మాట నాది. దీనికి చిన్నప్పుడు ఒత్తు జుట్టు. పొద్దున బడికి తయారుచేస్తుంటే రోజూ రాగమే. ఇంకొక్క చిక్కే అని అబద్ధాలాడుతూ పది చిక్కులు తీసేదాన్ని. అదే మాట, అదే గొంతు. లోపలికెళ్తే బావురుమనేలా ఉన్నాను. రుమాలు నోట్లో కుక్కుకుని పరుగున వచ్చేశాను.” ఆవిడ ఆ పేజీ అంచును వేలితో నిమిరింది. “ఆ పిల్ల తల్లి ఎక్కడుందో ఏమో. తన బిడ్డకు ఆఖరిసారి తల చిక్కు తీసింది నా బిడ్డేనని ఆవిడకు తెలియదు. నేనే వెళ్లి చెప్పాలనిపించింది. ఎవరని చెప్పను, ఎక్కడని వెతకను?”

టైలరత్త ముక్కు చీదింది. మందులషాపు మావయ్య జేబులోంచి పెన్ను తీసి, తన మార్కుల చీటీ మీద ముప్పై ఐదును కొట్టేసి నలభై ఐదు చేశాడు. కాసేపాగి దాన్నీ కొట్టేసి యాభై ఐదు చేశాడు. మత్తుమందు పది మార్కులు కూడా తిరిగిచ్చేసినట్టున్నాడు.

“మరి ఇన్నేళ్లూ నాతో ఎందుకనలేదమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ. అందరూ ఉన్నారన్న సంగతి ఆమెకు గుర్తే లేదు.

“ఎలా అనను? దొంగచాటుగా విన్న మాట అది. ఎవరో వింటున్నారని తెలిస్తే నీకు నోరు రాదు. నువ్వు మాట్లాడటం మానేస్తే వాళ్లకిక ఎవరున్నారు? అందుకే ఆ ఊసే ఎత్తకుండా ఉండిపోయాను” అని టీచరమ్మ పుస్తకం మూసింది. “నవలకు అరవై. ఆ ఒక్క పేజీకి నూటికి నూరు.”

ఆ తర్వాత ఎవరూ పెద్దగా వాదించలేదు. వచ్చే నెల నవ్వించే పుస్తకమేదైనా పెట్టుకుందామని బాబాయి ప్రతిపాదించాడు, అందరూ సరేనని లేచారు. పోతూ పోతూ టైలరత్త డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని, “వస్తానమ్మా” అంది.

గ్లాసులు కడుగుతున్న కూతురి పక్కన టీచరమ్మ గుడ్డ పట్టుకుని తుడవడానికి నిలబడింది. ఎడమచేత్తోనే తుడుస్తోంది. డాక్టరమ్మ కుళాయి కట్టేసింది.

“అమ్మా, మరి జడకు కిందికెందుకెళ్తావు? నా చేతులంటే నీకు... నీకు అసహ్యమేమో అనుకున్నాను.”

టీచరమ్మ చేతిలో గ్లాసు ఠకీమని గట్టు మీద పెట్టింది. బడిలో పాతికమంది పిల్లలను ఒక్కసారిగా నిలబెట్టే కోపం ఆవిడ ముఖంలోకి వచ్చింది. “ఎవరైనా లెక్క తప్పుతారు. ఇంత ఘోరంగా తప్పుతారా?” అంది. కోపం అంతసేపే నిలిచింది. తడిగా ఉన్న కూతురి చెయ్యి లాక్కుని తన చెంపకు ఆనించుకుంది. “నీ చేతిలో తల పెడితే నువ్వా మాట అంటావు. నాకు ఏడుపు ఆగదు. ఎందుకేడుస్తున్నావంటే ఏం చెప్పాలి? అందుకని తప్పించుకు తిరిగాను. ఇప్పుడిక దాచేదేముంది?”

ఆవిడే లోపలికెళ్లి దువ్వెన తెచ్చింది. కిటికీ దగ్గర పొట్టి పీట వేసుకుని, వీపు ఇటు తిప్పి కూర్చుంది. పొద్దున టైలరత్త వేసిన జడ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఎడమచేత్తో తానే విప్పేసుకుంది.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుని వెనకాల కూర్చుంది. తల్లి జుట్టు ఎంత పలచబడిందో ఇన్నాళ్లూ గమనించలేదు. మొదటి పాయ తీసుకుంది. చివర్న చిన్న ముడి తగిలితే దువ్వెన పక్కన పెట్టి వేళ్లతో విప్పింది. తర్వాత పాయలో ఇంకొకటి. ఆ తర్వాత చిక్కులేవీ లేవు, దువ్వెన పైనుంచి కింది దాకా మెత్తగా జారిపోతోంది. జడ వేసెయ్యొచ్చు. తల్లి భుజాలు చిన్నగా అదురుతున్నాయి, ఆవిడ వాటిని ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యడం లేదు.

“కాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది” అంది డాక్టరమ్మ. చిక్కు లేని పాయను మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, “ఇంకొక్క చిక్కే” అంది.